వెళ్లిన పూటే తిరుగు టికెట్

జర్మనీ చాన్స్‌లర్ ఫ్రెడ్రిక్ మెర్జ్‌గారి పుణ్యమా అని నాకో కొత్త వ్యాపారం దొరికింది. బ్రెజిల్‌లోని బెలెంకు 2025 నవంబరులో వాతావరణ సదస్సు కోసం వెళ్లొచ్చి, బెర్లిన్‌లో వర్తకుల సభలో ఆయన చెప్పిన ముచ్చట మీరు వినే ఉంటారు. వెంట వచ్చిన విలేకరులను 'ఇక్కడే ఉండిపోవాలని మీలో ఎవరికుంది?' అని అడిగారట. ఒక్క చెయ్యీ లేవలేదట. ఆ చోటు నుంచి బయటపడి జర్మనీ చేరినందుకు అందరూ సంతోషించారట. చుట్టపుచూపుగా వెళ్లినవాణ్ణి 'ఇల్లరికం ఉంటావా' అని అడిగి, ఉండనన్నాడు గనుక ఆ ఇల్లే బాగోలేదని తేల్చేశారన్నమాట.

ట్రావెల్స్ వాళ్లు ఇన్నాళ్లూ ఏం తప్పు చేస్తున్నారో నాకప్పుడు తెలిసింది. చూడదగ్గవన్నీ చూపించి చెడగొడుతున్నారు. పెద్దలకు కావలసింది యాత్ర కాదు, తిరిగొచ్చిన సంతోషం. అందుకే నేను పెట్టబోయే ట్రావెల్స్‌లో ప్యాకేజీ ఒక్కటే: దక్షిణ అమెరికా, ఒక రాత్రి, ఒక పగలు. బుకింగ్ ప్రధాని హోదా ఉన్నవారికే. ముందు తిరుగు టికెట్ ఇస్తాం, వెళ్లే టికెట్ తర్వాత.

విమానం దిగగానే ఏసీ కారు, కారు దిగగానే ఏసీ హాలు. గ్రూపు ఫొటో. అడవిని కాపాడాలని ఒక ప్రసంగం. అడవుల నిధికి ఎంతిస్తారని ఎవరైనా అడిగితే మెర్జ్‌గారిలా 'చెప్పుకోదగ్గ మొత్తం' అనాలి, అంకె మాత్రం నోరు జారకూడదు. మళ్లీ కారు, మళ్లీ విమానం.

ఇందులో గైడు పని అడ్డం నిలబడటం. ఎందుకంటే బెలెం మహా ప్రమాదకరమైన ఊరు, పొరపాటున నచ్చేయగలదు. ఏటి ఒడ్డున వెరొపెసో బజారుంది. తెల్లారకముందే పడవల్లోంచి అసాయి పళ్ల బుట్టలు దిగుతుంటాయి. ఆ పళ్ల గుజ్జును అక్కడివాళ్లు వేయించిన చేపతో, కర్రపెండలం పిండితో తింటారు. అతిథి అటువైపు వెళ్తే మన ప్యాకేజీ మునిగినట్టే. మనిసోబా అనే వంటకంతో ఆ భయం లేదు. కర్రపెండలం ఆకుల్లోని విషం విరగడానికి ఏడు రోజులు ఉడకబెడతారు. ఒక్క రోజైనా నిండని యాత్రలో అది పొయ్యి దిగనే దిగదు. మామిడి చెట్లున్న వీధుల గుండా కారు పోనివ్వం. నవంబరులో అక్కడ కాయలు రాలతాయి. (మామిడి మన దేశం నుంచే పోర్చుగీసువాళ్ల వెంట వెళ్లింది లెండి. అది మాత్రం అక్కడే ఉండిపోయింది.)

తకాకా అని వేడివేడి పులుసొకటి. అందులో వేసే జంబు ఆకు నోటిని తిమ్మిరెక్కిస్తుంది. దీన్నీ జాబితాలోంచి కొట్టేద్దామనుకున్నాను గానీ మనసు మార్చుకున్నాను. వర్తకుల సభకు బయల్దేరే ముందు తప్పనిసరిగా ఒక బుర్రెడు పట్టించాలి.

ఇక అభిప్రాయ సేకరణ. విమానం బెర్లిన్‌లో దిగాక ఒకటే ప్రశ్న, ఒకటే జవాబు. ఇదే పద్ధతిలో బెలెం విలేకరులను నవంబరులో బెర్లిన్ తీసుకొచ్చి, సాయంత్రం నాలుగున్నరకే కమ్ముకునే చీకట్లో నిలబెట్టి అడిగితే ఎన్ని చేతులు లేస్తాయో మరి! (అక్కడ చదువుకుంటున్న మన పిల్లలైతే రెండు చేతులూ ఎత్తుతారు. లోను తీరేదాకా దించరు.)

నాకు పోటీ లేదనుకుంటుండగా బ్రెజిల్ అధ్యక్షుడు లూలాగారే రంగంలోకి దిగారు. మెర్జ్ ఓ బార్‌కి వెళ్లి, డాన్సు చేసి, బెలెం ఉన్న పారా రాష్ట్రం వంట తిని ఉండాల్సిందట. బెలెంలో దొరికే దాంట్లో బెర్లిన్ పదో వంతు కూడా ఇవ్వలేదని తెలిసొచ్చేదట. బ్రోషరు బాగుంది. అమెజాన్ ముఖద్వారం దగ్గరి సముద్రంలో చమురు అన్వేషణ తవ్వకానికి, సదస్సు మూడు వారాలుందనగా, అక్టోబరు 20న ఆయన ప్రభుత్వమే ఇచ్చిన అనుమతి గురించిన పేజీ మాత్రం అందులో కనిపించలేదు.

ఇక చాలు, నా దుకాణం కట్టేస్తున్నాను. మెర్జ్ ఆ మాటన్న మర్నాడే, నవంబరు 14న పొద్దున్నే, ముండురుకు ఆదివాసులు సదస్సు గేటుకు అడ్డంగా నిలబడ్డారు. తపజోస్ నదిని సరుకు పడవలకు దారిగా మార్చొద్దని, సోయా తరలించే రైలుమార్గం తమ అడవి వైపు రానివ్వొద్దని అడిగారు. వాళ్లకు ఉండిపోవాలనే ఉంది. పుట్టిన చోట, ఆ ఏటి ఒడ్డునే. వాళ్లను ఎవరడిగారు? 2022 జనగణన ప్రకారం బెలెంలో సగానికి పైగా జనం ఫవేలాలనే పేదల బస్తీల్లో బతుకుతున్నారు. ఎండలు ముదిరితే, ఏరు పొంగితే వాళ్లు ఏ విమానమెక్కి ఏ దేశం చేరి సంతోషించాలి? తరాల తరబడి బొగ్గు కాల్చి సంపన్నులై, ఆ బొగ్గును పూర్తిగా వదలడానికి 2038 దాకా గడువు పెట్టుకున్న దేశం, ఆ పొగ భారం మోస్తున్న ఊరు తనకు నచ్చలేదని పదిమందిలో చెప్పుకుంటుందా? సిగ్గుండాలి.

హైదరాబాద్‌కన్నా తక్కువ జనమున్న నార్వే, బ్రెజిల్ తలపెట్టిన ఉష్ణమండల అడవుల నిధికి 300 కోట్ల డాలర్ల దాకా ఇస్తానంది. అప్పుగానే, అదీ షరతుల మీద, అదీ చమురమ్మిన డబ్బే, కాదనను. జర్మనీవారి 'చెప్పుకోదగ్గ మొత్తం' ఇంత రభస జరిగాక నవంబరు 19న అదే నిధికి అంకెగా మారింది: పదేళ్లలో 100 కోట్ల యూరోలు. ఎనిమిది కోట్ల పైచిలుకు జనానికి పంచి చూస్తే తలకు ఏడాదికి ఒక యూరో ఇరవై సెంట్లు. బెర్లిన్‌లో ఆ డబ్బుకి కాఫీ కూడా రాదు.