సోఫా వరుసవారికి కచేరీ మర్యాదలు

సంగీత సభలు జరిగే హాళ్లలో గోడకు ఒక కాగితం అంటించి ఉంటుంది. సెల్‌ఫోన్లు ఆపవలెను, చంటిపిల్లలను తీసుకురారాదు, పాట మధ్యలో లేవరాదు, తినుబండారాలు లోపలికి తేరాదు. ఆ కాగితం ఎప్పుడూ వెనక తలుపు పక్కనే కనిపిస్తుంది. అంటే అది ప్లాస్టిక్ కుర్చీలవారికి అన్నమాట. బస్సు దిగి, చోటు దొరకదేమోనని ముందే వచ్చి, నోరు మూసుకుని కూర్చునేవాళ్లకు. వేదిక ముందు తెల్లగుడ్డ కప్పిన సోఫాల్లో ఆసీనులయ్యేవారికి మాత్రం ఇంతవరకూ ఎవరూ నియమావళి రాసివ్వలేదు. పాపం, అన్నీ సొంత తెలివితోనే నెట్టుకొస్తున్నారు. పుష్య బహుళ పంచమి వస్తోందంటే చాలు, ఊరూరా త్యాగరాజ ఆరాధనోత్సవాల ఫ్లెక్సీలు లేస్తాయి. ఈసారికైనా ఆ లోటు తీర్చేద్దాం.

ముందు రాక సంగతి. ఆహ్వానపత్రికలో కచేరీ ఆరింటికి అని వేస్తే అది పాడేవాళ్లకు చెప్పిన టైము, మీక్కాదు. వర్ణంతో ఎత్తుకుని, చిన్న కృతులతో గొంతు సాగనిచ్చి, నడిమధ్య పెద్ద కీర్తన పాడి, మృదంగానికి తని వదిలి, చివర తుక్కడాలతో దింపే ఈ కచేరీ పద్ధతి గత శతాబ్దంలో అరియక్కుడి రామానుజ అయ్యంగారు కుదిర్చి పెట్టింది. అంత ఆలోచించిన మహానుభావుడు సోఫావారు ఎప్పుడు రావాలో చెప్పడం మరిచిపోయారు. నన్నడిగితే రాగాలాపన నడుస్తుండగా రావాలి. ఆలాపనలో తాళం ఉండదు, మృదంగం మోగదు. తంబూరా శ్రుతి, గొంతు, ఆ గొంతును వెన్నంటి వచ్చే వయొలిన్, అంతే. మీ బూట్ల చప్పుడు హాలు చివరిదాకా వినిపించడానికి ఇంతకన్నా మంచి ముహూర్తం సాయంత్రం మొత్తంలో దొరకదు. గాయని తారషడ్జం మీద నిలబడబోయే క్షణం చూసుకుని కుర్చీల మధ్యలోంచి నడుచుకుంటూ రండి. కార్యదర్శిగారు ఎదురొస్తారు. "ఎప్పుడొచ్చారు సార్?" "ఇప్పుడే" అనే కీలక సమాచారం అక్కడే నిలబడి ఇచ్చిపుచ్చుకోండి. ఆ తర్వాత వేదికకేసి ఒక నమస్కారం పడేయండి. ఆవిడ ఆలాపన ఆపి ప్రతినమస్కారం చేస్తే సరి. చేయకపోతే బొత్తిగా పొగరని రాత్రికి నలుగురికి చెప్పుకోవచ్చు.

మీరొచ్చారు కాబట్టి అసలు కార్యక్రమం మొదలవుతుంది. అదేనండీ, సన్మానం. పాట ఆగుతుంది, మైకు చేతులు మారుతుంది, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి ఒకరి తర్వాత ఒకరు వేదికెక్కుతారు. ఈ ముగ్గురికీ తేడా ఏమిటో ఏ శాస్త్రమూ చెప్పలేదు. ఉపన్యాసం "నాకు సంగీతం గురించి ఏమీ తెలియదు" అన్న మాటతో మొదలుకావాలి. అక్కడితో ఆగితే ఆ సాయంత్రం మొత్తంలో నిఖార్సయిన నిజం అదొక్కటే అయ్యేది. కానీ ఆగకూడదు. ఆ తెలియని విషయం గురించే అరగంట మాట్లాడాలి. ఈలోగా వేదిక చివర మృదంగ విద్వాంసుణ్ని ఒకసారి గమనించండి. ఆయన వాద్యం ఎడమ ముఖానికి తడి రవ్వముద్ద అంటించి ఉంటుంది. ఆ మంద్రపు గుమ్కీ పలికేది ఆ ముద్ద వల్లే. మీ ఉపన్యాసం సాగేకొద్దీ అది ఆరిపోతూ ఉంటుంది. ఆయన మంచినీళ్ల సీసా మూత తీసి, వేలు తడిపి, ఎవరికీ తెలియకుండా ముద్దకు అద్దుకుంటాడు. కాసేపటికి మళ్లీ అద్దుకుంటాడు. పెద్దలు ఆయనకు శాలువా కప్పబోతే రెండో చేత్తో మృదంగాన్ని అడ్డం పట్టుకుంటాడు, జరీ అంచు రవ్వకు తగలకుండా. ఫొటోలో ఆ చెయ్యి రాదు లెండి.

మళ్లీ పాట మొదలయ్యాక మీరు తాళం వేయాలి. వేయకపోతే మీకు సంగీతం తెలియదనుకునే ప్రమాదం ఉంది. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు: ఒక దెబ్బ, ఆపైన చిటికెనవేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, తర్వాత దెబ్బ వేసి చెయ్యి తిప్పడం రెండుసార్లు. ఇదంతా వెనక కుర్చీల్లో సంగీతం నేర్చుకునే పిల్లలు ఒళ్లో చెయ్యి దాచుకుని వేసుకునే తాళం. మీది వేరు. మీరు ఉంగరాలున్న అరచేతిని సోఫా చేతిమీద ఫట్ ఫట్‌మని కొట్టండి, వేళ్లతో పనిలేదు. చాలా కృతులు సమం మీద ఎత్తుకోవు, కొంచెం దాటాక ఎత్తుకుంటాయి. కాబట్టి మీ దెబ్బ ఒకచోట, ఆవిడ పల్లవి ఒకచోట పడతాయి. అప్పుడు కంగారు పడకండి. తప్పు ఆవిడదే అన్నట్టు పక్కాయన వంక చూసి తల అడ్డంగా ఊపండి.

రాగం పేరు కూడా మీరే ప్రకటించాలి, అదీ ఆవిడ రెండో సంగతి పాడకముందే. దర్బారు, నాయకి అనే రెండు రాగాలున్నాయి. వాటిని విడదీసి చూపించడానికి విద్వాంసులే ఒళ్లు దగ్గర పెట్టుకుని పాడతారు. మీకా ఇబ్బంది లేదు. ధైర్యంగా "నాయకి!" అనండి, కొంచెం గట్టిగా. తర్వాత అది దర్బారని తేలితే "ఆవిడ పాడిన తీరులో నాయకి ఛాయలు పడ్డాయి" అనవచ్చు. 1980లో వచ్చిన 'శంకరాభరణం' సినిమా తెలుగువాళ్లకు శాస్త్రీయ సంగీతం మీద గౌరవం పెంచిందంటారు. నిజమే. దాంతోపాటు ఆ ఒక్క సినిమా చూస్తే చాలన్న ధీమాను కూడా ఇచ్చింది. అందుకే రాగం తానం పల్లవి నడుస్తుంటే సోఫాల్లోంచి ఒక చీటీ వేదికమీదికి పాకుతుంది, "శంకరాభరణంలో పాట ఒకటి" అని. గాయని దాన్ని విప్పి, చదివి, మడిచి, శ్రుతిపెట్టె కింద పెట్టి నవ్వుతుంది. ఆ నవ్వు నేర్చుకోవడానికి ఎన్నేళ్ల సాధన కావాలో!

ఫోను గురించి వేరే చెప్పాలా? మోగనివ్వండి. జేబులోంచి తీయడానికి ఒక చరణం పట్టినా పరవాలేదు. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంటే మాట ఎవరికీ వినపడదని మీ నమ్మకం. ఆ నమ్మకాన్ని వదలకండి. "ఆఁ... ఏంటీ? సరిగ్గా వినపడట్లేదోయ్, ఇక్కడెవరో పాడుతున్నారు" అనండి. ఈ మాట అక్షరాలా అన్న పెద్దమనిషి ఆ సభకు పోషకుడు. ఫ్లెక్సీలో ఆయన బొమ్మ త్యాగయ్య బొమ్మకన్నా కాస్త పెద్దది.

ఇక తని ఆవర్తనం. ఇది సోఫావారికి దేవుడిచ్చిన విరామం. కీర్తన ముగించి గాయని నోరు మూసుకోగానే పాట అయిపోయిందని అర్థం కదా, వెంటనే లేవాలి. నిజానికి అక్కడినుంచి ఆవిడకు వేరే పని. ఒళ్లో తాళం వేస్తూ కూర్చుంటుంది. మృదంగం ఒక లెక్క వేస్తే ఘటం జవాబు చెబుతుంది, పంతాలు రానురానూ పొట్టివవుతాయి, ఇద్దరూ కలిసి ముక్తాయింపు మూడుసార్లు వాయించి సరిగ్గా ఎత్తుగడ దగ్గర దించుతారు, ఆవిడ పల్లవి అందుకుంటుంది. సాయంత్రమంతా ఇంకొకరి పాటకు ఒదిగి వాయించిన మనిషికి తనదంటూ ఇచ్చిన కాస్త సమయం అది. ఆ సమయంలోనే మొదటి వరుస మొత్తం ఆయనకు వీపు చూపిస్తూ లేచి నిలబడుతుంది. మొన్నొక సభలో ఇలాగే నిలబడి పంచె సర్దుకుంటున్న పెద్దాయన్ని వెనకనుంచి ఒక అమ్మాయి, ఒళ్లో స్వరాల పుస్తకం పెట్టుకుని, మెల్లగా అడిగింది.

"అంకుల్, కొంచెం కూర్చుంటారా? మృదంగం వేళ్లు కనపడట్లేదు."

"చూడ్డానికేముందమ్మా, పాట అయిపోయిందిగా. నువ్వు కూడా వెళ్లి కాఫీ తాగు."

లేచి వెళ్లడం మన ఒక్కరి సొత్తు కాదు. మద్రాసులోనూ తనికి తలుపులు కిర్రుమంటాయి. 1927లో అక్కడ కాంగ్రెసు మహాసభతోపాటు జరిగిన సంగీత సమావేశంలోంచి పుట్టి, 1928లో రూపుకట్టిన మ్యూజిక్ అకాడమీ నాటినుంచీ డిసెంబరు కచేరీల సీజను పెరుగుతూ వచ్చింది. దాంతోపాటు సభల క్యాంటీన్లూ పెరిగాయి. కాఫీకి లేచినవాడికి అక్కడ కనీసం కాఫీ బాగుంటుంది. కానీ ఒక్క సంగతి ఒప్పుకోవాలి. తెలుగు ముక్క రాని మనిషి అక్కడ మూడేసి గంటలు త్యాగయ్య తెలుగు వింటూ కూర్చుంటాడు. ఆ తెలుగు పుట్టుకతో వచ్చినవాళ్లం మనం. అనుపల్లవి రాకముందే కారు తాళాలు వెతుక్కుంటాం.

ఆరాధనలో త్యాగయ్య పంచరత్న కీర్తనలు అందరూ కలిసి పాడే గోష్ఠికి మాత్రం ఎంత పొద్దున్నయినా రండి, అక్కడ కెమెరాలుంటాయి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, అయిదూ ఆదితాళమే కనుక మీ ఫట్ ఫట్‌కు ఢోకా లేదు. పుస్తకం తెరిచి పట్టుకుని, మైకున్న చోటు చూసుకుని, పెదవులు కదిపితే చాలు. తిరువయ్యారులో తన సొమ్ము పెట్టి త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మకు, ఆడదన్న కారణంగా ఆ గోష్ఠిలో పాడే చోటివ్వలేదు. ఆమె ఆడవాళ్లను పోగేసి వేరే గోష్ఠి నడిపి, పోరి, చివరకు చోటు సంపాదించింది. మీకు పాడటం రాకపోయినా ముందు వరుస రిజర్వు చేసి పెట్టారు. మనం ఎంత అభివృద్ధి చెందామో చూడండి!

సౌరాష్ట్ర రాగంలో మంగళం ఎత్తుకునే వేళకు సోఫాలు ఖాళీ అవుతాయి. ఈ ఒక్క విషయంలో మీకు సలహా అక్కర్లేదు.

సభల కార్యదర్శులకు మాత్రం ఒక విన్నపం. వచ్చే ఆరాధనకు ఆ సోఫాలు తీయించేయండి. సన్మానాలు చేయక తప్పదంటే కచేరీకి ముందే, వర్ణం ఎత్తుకోకముందే ముగించండి. వేదిక ముందు ఆ జాగాలో ఒక జంపఖానా పరిచి సంగీతం నేర్చుకునే పిల్లల్ని కూర్చోబెట్టండి. వాళ్లు తనికి లేవరు. తలుపు దగ్గరి కాగితం అక్కడే ఉంచవచ్చు, అది చదివి పాటిస్తున్నవాళ్లు ఇప్పటికే వెనక కూర్చున్నారు.