తప్పు యంత్రానిది కాదండీ!

2004 సెప్టెంబరు 14. దక్షిణ కాలిఫోర్నియా మీద వందల విమానాలు ఎగురుతున్నాయి. కింద పామ్‌డేల్‌లో వాటికి దారి చెప్పే కంట్రోలర్ల గొంతు ఉన్నట్టుండి మూగబోయింది. మూడు గంటల పైచిలుకు పైలట్లతో మాటల్లేవు. కొన్ని విమానాలు ఒకదానికొకటి మరీ దగ్గరగా వచ్చాయి. గుద్దుకోకపోవడం పైవాడి దయ. పైవాడంటే పైలట్ అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

కారణం వింటే ముచ్చటేస్తుంది. అక్కడి వాయిస్ వ్యవస్థలో పాత యూనిక్స్ యంత్రాలను తీసేసి విండోస్ సర్వర్లు పెట్టారు. మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల కౌంటర్ ఒకటి అందులో ఉంది. దాదాపు 50 రోజులకు లెక్క అయిపోతుంది, వ్యవస్థ పడకేస్తుంది. ఈ జబ్బు అధికారులకు ముందే తెలుసు. మందూ కనిపెట్టారు: 30 రోజులకోసారి టెక్నీషియన్ వచ్చి రీస్టార్ట్ చేయాలి. అంతటి అమెరికా గగనతలం నెలనెలా ఒకరు తీర్చే మొక్కు మీద నడిచింది. ఆ నెల మొక్కు తప్పింది. బ్యాకప్ లేదనుకునేరు, ఉంది. లేచిన నిమిషంలోపే అదీ పడిపోయింది. పెద్దలు తేల్చిందేమిటయ్యా అంటే, మానవ తప్పిదం!

ఆడలేనమ్మ మద్దెల ఓడు అంటుందని సామెత. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు, తిట్లు మాత్రం ఆడినమ్మకు.

అంతకు ఏడేళ్ల ముందు అమెరికా యుద్ధనౌక యార్క్‌టౌన్‌దీ ఇదే కథ. ఓడను నడిపేది విండోస్ ఎన్‌టీ. ఎవరో డేటాబేస్‌లో సున్నా ఎక్కించారు. సున్నాతో భాగించబోయి ప్రోగ్రాం కూలింది, దాంతోపాటు నెట్‌వర్కు, ఆపైన ఇంజన్లు. క్షిపణి ఖర్చు లేకుండా యుద్ధనౌక రెండున్నర గంటలకు పైగా నీళ్ల మీద కదలక నిలబడింది. విండోస్‌ది తప్పు కాదు, దాని మీద నడిచిన ప్రోగ్రాందని వాదించినవాళ్లున్నారు. నడిసముద్రంలో చిక్కుకున్నవాడికి ఆ తేడా ఎంత ఊరటో!

2017లో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చి బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులను పట్టుకుంది. వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మార్చిలోనే మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది, వేసుకోనివాళ్లదే తప్పన్నారు. సరే, బుద్ధొచ్చింది. ఏ అప్‌డేట్ వచ్చినా కళ్లకద్దుకుని వేసుకోవడం మొదలైంది.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ విండోస్ యంత్రాలకు ఓ చిన్న ఫైలు పంపింది. 20 అంశాలే ఉన్న చోట 21వ దాని కోసం వెతికి కంప్యూటర్లు కూలాయి, తెరలు నీలిరంగుకు తిరిగాయి. మైక్రోసాఫ్ట్ లెక్కలోనే 85 లక్షల యంత్రాలు. అప్‌డేట్ అందనివాళ్లు హాయిగా పనిచేసుకున్నారు. మన శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. బాగుచేయాలంటే చాలాచోట్ల ఒక్కో యంత్రం దగ్గరికీ మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు తుడిచేయాలి.

ఈసారి ఓ చిక్కొచ్చింది. ఆ ఫైలును ఆపే మీట అప్పటికి కస్టమర్ చేతిలో లేదు, కాబట్టి తిట్టడానికి కీబోర్డు ముందు మనిషి దొరకలేదు. రాత్రింబవళ్లు తంటాలు పడ్డ భాగస్వాములకు మాత్రం కంపెనీ 10 డాలర్ల ఉబర్ ఈట్స్ కూపన్ పంపింది. కొందరికి అదీ చెల్లలేదు. అంతమంది ఒక్కసారిగా వాడేసరికి ఏదో మోసమని ఉబర్ ఆపేసింది. అందరికీ ఒకేసారి ఆకలేయడం మరి మానవ తప్పిదమే కదా.