కోతకు ముందు వినకూడని సలహాలు

"రేపు పొద్దున కోస్తావు గదా అన్నా, ఈ సాయంత్రం ఒక తూరి కొట్టు. కాయ నిగనిగలాడుతుంది." ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు వంకాయ, బెండ వేసే రైతుకు అందే సలహాల్లో ఇంతకంటే చెడ్డది లేదు. మందు కొట్టాక ఎన్ని రోజులకు కోయాలో డబ్బాతో వచ్చే కాగితంలో ఏ పంటకు ఆ పంటకు రాసి ఉంటుంది. చీమతలంత అక్షరాలు. చాలామంది మడత కూడా విప్పరు. కానీ మోతాదు ఎంత ముఖ్యమో ఆ రోజుల లెక్కా అంతే ముఖ్యం. వంగతోటలో మూడు నాలుగు రోజులకోసారి కోత పడుతుంది. అంతకంటే ఎక్కువ ఆగాల్సిన మందు కోతలు మొదలయ్యాక ఆ తోటకు పనికిరాదు.

పురుగు వంకాయలోకి దూరాక పైన ఎంత కొట్టినా దానికి సరిగా అందదు. దాని పని ముందే పట్టాలి. తలవాల్చిన కొమ్మను పురుగు ఉన్నచోటికి కాస్త కింద తుంచి కాల్చేయండి. పుచ్చుపట్టిన కాయల్ని గట్టున పారేయకుండా పూడ్చండి. లింగాకర్షక బుట్టలు కట్టండి. ఐదు కిలోల వేపగింజల పప్పు దంచి, మూటగట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున పిండి, నీళ్లతో వంద లీటర్లు చేసి కాస్త సబ్బునీళ్లు కలపండి. ఆ కషాయం చల్లపూట కొట్టండి, ఎండకు దాని బలం పోతుంది.

"పత్తికి తెచ్చింది మిగిలింది, కూరలకు కొట్టేయ్" అంటారు. అలా మిగిలే మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005 నుంచే నిషేధం ఉంది. డబ్బా మీద పచ్చ త్రికోణం ఉంటే భయం లేదన్నదీ తప్పే. ఎరుపు, పసుపు, నీలం కంటే విషం తక్కువని దాని అర్థం, అసలే లేదని కాదు. "కడుక్కుంటే పోతుందిలే" అన్నది మరీ అన్యాయం. మొక్క రసంలోకి ఎక్కే మందును ఏ నీళ్లూ కడగలేవు.

పులివెందుల అరటికి, గెల దిగాక కార్బైడ్ పెట్టమనేవాళ్లున్నారు. కాయలు మాగబెట్టడానికి కార్బైడ్ వాడటం దేశమంతటా నిషిద్ధం. దానిలో ఆర్సెనిక్, భాస్వరం ఛాయలుంటాయి. ఇథిలీన్ గ్యాస్‌తో మూసిన గదిలో, గాలిలో పది లక్షల పాళ్లకు వంద మించకుండా మాగబెట్టుకోవచ్చు. ఇథెఫాన్ నీళ్లలో గెలను ముంచమనే మాట కూడా వినొద్దు. ఆ మందు కాయకు తగలనే కూడదు.

ఇక "కషాయమే కదా, ఎప్పుడైనా కొట్టొచ్చు" అనే మాట. నేను ప్రకృతి వ్యవసాయం వైపే ఉన్నాను. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ పురస్కారంలో వాటా దక్కింది. ఆ సాగుపై పరిశోధనకు పులివెందులలోనే ఇండో-జర్మన్ అకాడమీ ఉంది. అయినా అగ్నిఅస్త్రం అనే కషాయంలో పొగాకు ఉంటుంది, పొగాకులో నికోటిన్ ఉంటుంది. కోయబోయే ఆకుకూర మీద అది పడకూడదు. పేడ కలిసిన జీవామృతం మొదళ్లకే పోయండి, పచ్చిగా తినే కొత్తిమీర ఆకులకు తగలనివ్వకండి.

కొనేవాళ్లకు ఇచ్చే సలహా ఒకటుంది, మచ్చలేని కాయ ఏరుకోమని. ఒక్క పుచ్చుకు తట్ట మొత్తం తోసేస్తే రైతు మళ్లీ పంపు భుజానికెత్తుకుంటాడు. బేరానికి ముందు, "ఎప్పుడు కొట్టినావన్నా మందు?" అని అడగండి. తేదీ రాసి పెట్టుకున్న రైతు దగ్గర రెండు రూపాయలు ఎక్కువైనా కొనండి.