అమరుడైన ఫీజు

ఏలూరు పవర్‌పేటలో మా పాతింటి బయటిగోడకు ఓ ఇనప డబ్బా ఉంది. పేట పేరులో పవరుంది గానీ డబ్బాలో ఏముందో ఎవరికీ తెలీదు. దాన్ని బిగించిన నాటి విద్యుత్ బోర్డు 1999లో ముక్కలైంది. 2022లో జిల్లా చీలి తాడేపల్లిగూడెం అటు పోయింది, కొల్లేరు మాకు మిగిలింది. డబ్బా మాత్రం కదల్లేదు. తుప్పు అంత గట్టిగా పట్టింది మరి.

మూత తీద్దామంటే గూడెం బాబాయి అడ్డొచ్చాడు. ‘‘తాతగారు పెట్టించిందిరా. ఇన్నాళ్లూ బాగానే ఉందిగా!’’ ఇన్నాళ్లూ ఎవరూ చావలేదన్నమాట. మనింట్లో భద్రతకు కొలత అదే.

తీశాను. బల్లిగుడ్లు, చీమల పుట్ట, ఐదు తీగలు. ఒకటి పెరట్లో పశువుల పాకకు. పాక కూలి ఇరవై ఏళ్లయినా టెస్టరు పెడితే దేదీప్యమానంగా వెలిగింది. లబ్ధిదారుడు పోయినా ఆగని పింఛను! ఎర్త్ తీగను ఎవరో మహానుభావుడు కుళాయి గొట్టానికి చుట్టాడు. ఇనప గొట్టం పోయి ప్లాస్టిక్ గొట్టం వచ్చి ఏళ్లయింది. తీగ దాన్నే ఆప్యాయంగా కౌగిలించుకుని ఉంది. కొల్లేటి చెంత నేలకు తడి కొదవా? ఓ గుంట తవ్వి ఉప్పూ బొగ్గూ పోస్తే సరిపోయేది. తవ్వడమంటే ఇక్కడ చేపల చెరువుకే కాబోలు.

ఇక పింగాణీ ఫీజులు, ఫేజుకొకటి, న్యూట్రల్‌కొకటి. న్యూట్రల్‌ది పోయిందనుకోండి: బల్బు ఆరుతుంది, ఫ్యాను ఆగుతుంది, తీగలో కరెంటు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ‘‘కరెంటు పోయిందిలే’’ అని చెయ్యి పెట్టేవాడి కోసం.

అయితే మా ఇంట్లో ఆ భయం లేదు. అసలవి పోతేగా! ఫీజు పుట్టిందే మనకంటే ముందు చావడానికి. 5 ఆంపియర్లకు 0.2 మిల్లీమీటర్ల సన్నటి తీగ వేస్తారు, వేడెక్కితే కరిగిపోవాలని. మాదాంట్లో చూస్తే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, అదీ రెండు పేటలు! వంద ఆంపియర్లు పారినా అది కరగదు. ముందు గోడలో వైరింగు కాలాలి, తర్వాత ఇల్లు కాలాలి. అన్నీ బూడిదయ్యాక ఫీజు ఒక్కటే నిగనిగలాడుతూ మిగులుతుంది.

ఎలక్ట్రీషియన్ని పిలిచాను. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే కరెంటు ఆపేసే ఈఎల్‌సీబీ పెట్టమన్నాను.

‘‘వద్దండీ. మన గాలికి చెమ్మెక్కువ, మాటిమాటికీ పడిపోద్ది. ఆడవాళ్లు సీరియలు మధ్యలో తిట్టుకుంటారు.’’

రెండు పేటల తీగ పీకి, మూడు పేటలు మెలేసి బిగించాడు. మూత వేసి, తన ఫీజు పుచ్చుకుని, మెట్లు దిగుతూ భరోసా ఇచ్చాడు:

‘‘ఇంక జన్మలో పోదండీ!’’