తెర మీద తెల్లదోమ

కొబ్బరి మార్కెట్టుకూ ఉద్యాన పరిశోధనా స్థానానికీ పేరొందిన కోనసీమలోని అంబాజీపేట వంటి చోట కూడా రైతు సదస్సు అనగానే ప్రొజెక్టరు, తెర, మూసిన కిటికీలు తప్పనిసరి అన్న ఆచారం స్థిరపడింది గానీ, 1987లో మెకింటాష్ కంప్యూటర్ల కోసం పవర్‌పాయింట్‌ను విడుదల చేసిన ఫోర్‌థాట్ సంస్థ కోనసీమ రైతును నిద్రపుచ్చాలని తలచి ఉండదు. ప్రసంగానికి తోడుగా చూపే బొమ్మ, పటం, నమూనా వంటివాటిని దృశ్యోపకరణాలు అంటారు. ఇవి మాటకు ఊతమే తప్ప, వక్త సభకు వీపు తిప్పి అక్షరం పొల్లుపోకుండా చదువుకోవలసిన పారాయణ గ్రంథాలు కావు.

కొబ్బరి ఆకు అడుగున సర్పిలాకారంలో గుడ్లు పెట్టి, రసం పీల్చి, తాను విసర్జించే తీపి జిగురు మీద నల్లని మసి బూజు పెరిగేలా చేసే తెల్లదోమను కనబడీ కనబడని ఆంగ్ల అక్షరాలతో డజన్ల కొద్దీ స్లైడుల్లో వివరించడం ఘనకార్యమైతే, గుమ్మం పక్కనున్న చెట్టు నుంచి ఒక మట్ట కోయించి ఆకు తిరగేసి చూపడం నామోషీ కాబోలు! ఆ దోమను అదుపు చేయడానికి స్థానిక పరిశోధనా స్థానమే ఇసారియా ఫ్యూమోసోరోసియా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని అందిస్తుండగా, దాన్ని నీటిలో కలిపే పద్ధతి చేసి చూపకుండా శాస్త్రీయ నామాన్ని ముమ్మారు జపిస్తే దోమ చావదు, రైతు మాత్రం టీ కోసం లేస్తాడు.

కనుక వక్తలకు మనవి: స్లైడుకు ఒక్క విషయం, చివరి వరుసకు ఆనే తెలుగు అక్షరం, ముందురోజు కాస్త సాధన, చేతిలో ఒక ఆకు ఉంటే చాలు; కరెంటు పోయినా ప్రసంగం ఆగదు.