ముస్తఫాకు మూర్ఛ

స్విచ్ వేస్తే టిక్. కాసేపాగి మళ్లీ టిక్. బొమ్మ రాదు, గీత రాదు, కనీసం పొగైనా రాదు. పొగొస్తే ఏది కాలిందో ముక్కుతోనైనా కనుక్కోవచ్చు. మా వసారాలో ఈ వీడియో గేమ్ పెట్టె ఇన్నాళ్లుగా బల్లి పలికినట్టు పలుకుతోంది. మా అమ్మ అలవాటు కొద్దీ నేల మీద వేలితో కొట్టి ‘సత్యం, సత్యం’ అంటోంది. అంటే అననీ. కానీ పక్కింటి పెద్దాయన వచ్చి “ఇది బాగుపడేది కాదులేప్పా” అన్నప్పుడే అది టిక్‌మనాలా?

ఆళ్లగడ్డలో ఆటల అంగడి మూసేస్తుంటే పాత సామాను ధరకు తెచ్చుకున్నాను. ముస్తఫా ఆట. క్యాప్‌కామ్ వాళ్లు 1993లో ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ అని పేరు పెట్టారు గానీ, నాన్న జేబులో రూపాయి బిళ్లలు కొట్టేసి ఆడిన మాకెవరికీ ఆ పేరుతో పని పడలేదు. లోపల ఉండేది మామూలు కలర్ టీవీ పిక్చర్ ట్యూబే. ఆ ఆట బోర్డూ మన టీవీలూ సెకనుకు 15,625 గీతల లెక్కనే గీస్తాయి కాబట్టి ఇద్దరికీ సంబంధం కుదిరింది.

సెల్ ఫోన్ల కుర్రాడికి చూపిస్తే “అన్నా, డిస్‌ప్లే మార్చేద్దాం” అన్నాడు. వాడి దగ్గర అన్ని రోగాలకూ అదే మందు. చివరికి పాత టీవీ మెకానిక్ ఒకాయన్ను పట్టుకున్నాను. ఫోనులోనే టిక్కు విన్నాడు. “సప్లై మంచిదే. లేస్తాంది, ముందర యాడో షార్టు ఉందని బెదిరి పడుకుంటాంది. వంద వాట్ల బల్బు సీరీస్‌లో పెట్టు, నేనొస్తా” అన్నాడు.

సీరీస్ బల్బు సంగతి తెలిసిందే. లోపల షార్టుంటే బల్బు భగ్గున వెలిగి, కాలాల్సిన భాగాలను కాలకుండా కాపాడుతుంది. అంతా బాగుంటే ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. అయితే ఆ బల్బేది?

దొర్నిపాడులో లేదు. కోయిలకుంట్లలో లేదు. ఆళ్లగడ్డలో అంగడాయన “వంద వాట్లా! తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ తీస్కోప్పా, వెలుతురు బాగుంటాది” అన్నాడు. వెలుతురు వద్దన్నా, వేడి కావాలన్నాను. వేసవిలో ఆళ్లగడ్డకొచ్చి వేడి కావాలని అడిగినవాణ్ణి ఆయన అంతకుముందు చూసినట్టు లేడు. ఎల్‌ఈడీ పెట్టి చూద్దామంటే దాని కడుపులో దాని సొంత సర్క్యూటు ఒకటుంటుంది. సీరీస్‌లో పెడితే అదీ మినుకుమినుకుమంటుంది, అప్పుడు రోగులు ఇద్దరవుతారు. 2015 జనవరిలో ఉజాలా పథకం వచ్చాక ఇంటింటికీ ఎల్‌ఈడీలు చేరాయి, బిల్లులు తగ్గాయి. మంచిదే, కాదనను. కానీ ఊరికొక్క పాత బల్బైనా, గుడిలోనో పంచాయతీ ఆఫీసులోనో, అవసరానికని దాచిపెట్టి ఉండకూడదా? నంద్యాలలో ఒకడు ఉందని ఆశపెట్టి, అటక మీద నుంచి దించి ఇచ్చాడు. తీరా చూస్తే ఫిలమెంటు తెగిపోయి ఉంది. దానికీ డబ్బులడిగాడు.

చివరికి చాకరాజువేముల దారిలో కోళ్ల షెడ్డులో కనబడ్డాయి. వరసగా, ఎర్రగా, వేడిగా! కొత్తగా దిగిన పిల్లలకు తల్లి రెక్కల బదులు ఆ బల్బులేనట. ఒకటి అడిగాను. షెడ్డాయన నన్ను కింది నుంచి మీది దాకా చూసి, “నీ పెట్టెలో ఏం పొదిగిస్తావు?” అన్నాడు. ముస్తఫాను అన్నాను. ఆయన నవ్వలేదు. తరువాతి బ్యాచ్ వచ్చేలోపు తిరిగియ్యాలని మాట తీసుకొని ఇచ్చాడు.

మెకానిక్ వచ్చాడు. ప్లగ్గు పీకించి, ట్యూబు మీది రబ్బరు మూత కింద మిగిలిన కరెంటును స్క్రూడ్రైవరుతో దించాడు. ప్లగ్గు పీకినా అక్కడ వేల వోల్టులు దాక్కుని ఉంటాయి. కరెంటుండగా మీటరు పట్టేటప్పుడు “ఎడం చెయ్యి జేబులో పెట్టుకో” అన్నాడు. నేను లుంగీలో ఉన్నాను. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నెత్తిన పెట్టుకున్నాను. మా అమ్మ అది చూసి, పెట్టె పని అయిపోయిందనుకొని లోపలికెళ్లింది.

ఆయన బోర్డు మీదికి వంగి చాలాసేపు అలాగే ఉన్నాడు. “సోల్డరు చుక్కలు అలుక్కుపోతాండాయప్పా, నువ్వే పెట్టు” అన్నాడు. ఆయన చెప్పినచోట అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు పీకి కొత్తది వేశాను. స్విచ్ వేశాం. బల్బు మెరిసి మసకబారింది. టిక్కు ఆగింది. “ఈల వస్తాందా?” అన్నాడు. పిక్చర్ ట్యూబు టీవీ నడుస్తుంటే సన్నగా ఒక కూత వస్తుంది. ఒకప్పుడు ఈయన వీధిలో పోతూ ఆ కూత విని ఎవరింట్లో టీవీకి ఏం జబ్బో చెప్పేవాడు. చెవి పెట్టి విన్నాను. రాలేదన్నాను. ఆయనా రాలేదన్నాడు. పోయింది ట్యూబుకు వేల వోల్టులిచ్చే ఈహెచ్‌టీ అని ఇద్దరం నిర్ణయించుకునేలోగా మా పాప చెవులు మూసుకొని పరిగెత్తుకొచ్చింది: “ఏంది నాన్నా, గీ అంటాంది!”

వయసు మీద పడ్డవాళ్ల చెవికి ఆ కూత అందదు. ఆయన కళ్లు పోయాయని నేను జాలిపడుతుంటే, నా చెవులు ఎప్పుడు పోయాయో నాకు చెప్పినవాళ్లు లేరు.

బొమ్మయితే వచ్చింది, నాలుగు వైపులా ముడుచుకొని. బల్బు అడ్డం ఉన్నంతసేపూ అంతే. బల్బు తీసేసి నేరుగా ఇద్దామంటే, పొద్దుగూకితే మా వీధి వోల్టేజీని నమ్మేదెట్లా? కాలిందంటే ఇంకో ట్రాన్సిస్టరుకు నంద్యాల పోవాలి. ఇంతలో షెడ్డాయన ఫోను చేశాడు. పిల్లలు బుధవారం దిగుతాయట.