నాటుకు ఫిట్టు, సీటుకు అన్‌ఫిట్టు

సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలితే చాలు, మేళ్లచెరువులో కూలీలకు ఎక్కడలేని గిరాకీ. ఆరో నెల కడుపుతో మడిలోకి దిగిన మనిషిని "ఎన్నో నెలమ్మా?" అని ఏ ఆసామి అయినా అడుగుతాడా? నడుం వంగితే చాలు. పత్తి ఏరడానికీ అంతే, మిరపకాయ కోతకూ అంతే. ఎర్రటెండలో ఎవరికీ కడుపు కనపడదు.

అదే మనిషి కూతురు డిగ్రీ చదివి ఏదో ఆఫీసు కుర్చీకి దరఖాస్తు పెట్టనివ్వండి. అప్పుడు కనపడుతుంది. లేని కడుపు కూడా కనపడుతుంది! "పెళ్లయి ఎన్నాళ్లయింది? ఏమన్నా విశేషమా? ఇప్పుడప్పుడే ప్లాన్ లేదు కదా?" సొంత అత్తగారు కూడా ఇంత ఆత్రపడదు.

ఫ్యాన్ కింద కూర్చోవడానికి కావలసిన బలం బురదలో నడుం వంచడానికి అక్కర్లేదా? ఏందయ్యా ఈ వైద్యం?

ఈ వైద్యం కనిపెట్టింది చిల్లర కంపెనీలనుకునేరు. 2021 డిసెంబరు 31న, ఊరంతా కేకులు కోసుకునే వేళ, స్టేట్ బ్యాంకు ఓ సర్క్యులర్ వదిలింది. ఉద్యోగానికి ఎంపికైన మహిళకు మూడు నెలలు దాటితే 'తాత్కాలికంగా అన్‌ఫిట్'. కాన్పయిన నాలుగు నెలల్లోపు వచ్చి చేరాలట. అంతకుముందు ఆరో నెల వరకూ ఫర్వాలేదన్నది ఈ బ్యాంకే. అరుంధతీ భట్టాచార్య అనే మహిళ పగ్గాలు పట్టి నడిపిందీ ఈ బ్యాంకునే. జనం దుమ్మెత్తిపోశారు. ఢిల్లీ మహిళా కమిషన్ నోటీసిచ్చింది. జనవరి 29న తోక ముడిచారు. మిగతావాళ్లకు బుద్ధొచ్చిందా? ఆ జూన్‌లోనే ఇండియన్ బ్యాంకుకూ అదే కమిషన్ నోటీసు. అక్కడి లెక్క 12 వారాలు.

ఎల్‌ఐసీ ఇంకా ఘనం. ఒకప్పుడు దాని ఫారంలో ఆడవాళ్లకు ప్రత్యేకంగా కాలమ్‌లు: నెలసరి సరిగ్గా వస్తోందా, ఆఖరుసారి ఎప్పుడొచ్చింది, ఎన్ని కాన్పులు, ఎన్ని గర్భస్రావాలు. ఇచ్చేది అసిస్టెంటు ఉద్యోగమా, పురిటి మంచమా? నీరా మాథుర్ అనే ఉద్యోగిని ప్రసూతి సెలవు తీసుకుంటే ప్రొబేషన్‌లోనే ఇంటికి పంపారు. కోర్టులో అడిగితే, తప్పుడు వివరాలు రాసిందన్నారు. 1991లో సుప్రీంకోర్టు ఆమె ఉద్యోగం ఆమెకిప్పించి, ఆ కాలమ్‌లు పీకేయమంది.

కాలమ్‌లు పోయాయి. నోళ్లు పోలేదు. ఇప్పుడు కాగితం మీద ఏమీ ఉండదు, "మళ్లీ కాల్ చేస్తాం" అంతే. ఆ కాల్ వచ్చేసరికి బిడ్డకు అన్నప్రాశన కూడా అయిపోతుంది.

తెలంగాణ సర్కారు తక్కువ తిన్నదా? 2017లో కేసీఆర్ కిట్ పెట్టి, సర్కారు దవాఖానలో కాన్పయితే 12 వేలు, ఆడపిల్ల పుడితే 13 వేలు అంది. భేష్! అదే ఏడాది సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కాలేజీల ప్రకటనలో మాత్రం పెళ్లికానివాళ్లే రావాలంది. కాన్పుకు రమ్మన్నారు, క్లాసుకు వద్దన్నారు. ఏందీ కథ?

"ముందే చెప్పకపోతే మోసం కాదా?" అని మేనేజర్ల మొర. చేరిన మర్నాడే 26 వారాల జీతం మూటగట్టుకుని పోతుందని వాళ్ల బెంగ. చట్టం చదివారా సారూ? కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటేనే ఆ డబ్బు. ఈఎస్‌ఐ వర్తించే ఉద్యోగమైతే ఇచ్చేది ఈఎస్‌ఐ. అప్పుడు ఆ జీతం మీ జేబులోంచి పోయేదేముంది? 50 మంది పనిచేసే చోట క్రెష్ ఉండాలని 2017 నుంచీ చట్టంలో ఉంది. ఆమె కడుపు దాచిందని గోలపెట్టే పెద్దమనుషులు ఆ ఉయ్యాలలు ఎక్కడ దాచారో?

సరే, అన్నీ ముందే చెప్పాల్సిందేనంటారా? మీతోనే మొదలుపెడదాం. ఇదివరకు మీ ఆఫీసు నుంచి కాన్పుకు వెళ్లినవాళ్లెందరు? తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చున్నవాళ్లెందరు? మధ్యలో జీతం, ప్రమోషన్ కోతపడినవాళ్లెందరు? ఓ ఫారం కొట్టించండి. నింపండి. సంతకం పెట్టి, స్టాంపు గుద్ది, ఇంటర్వ్యూకు పిలిచిన రోజునే ఆమె చేతికివ్వండి. అది చదివాక ఆమె చెబుతుంది, ఎన్నో నెలో.